లేని కీకి నిల్ చాలునా?

ప్రోగ్రామింగ్‌లో మ్యాపు అంటే ఒక్కో విలువను ఒక్కో కీ, అంటే పేరు, కింద ఉంచే నిర్మాణం. ఆర్డర్ అనే మ్యాపులో కస్టమర్, అందులో చిరునామా, దాని లోపల పిన్‌కోడ్ ఉన్నాయనుకుందాం. క్లోజర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో అంత లోతుకు చేరడానికి గెట్-ఇన్ ఫంక్షన్‌కు కీల వరుసను ఇస్తాం. దారిలో ఏ కీ లేకపోయినా అది నిల్, అంటే "ఏమీ లేదు" అనే విలువ, తిరిగి ఇస్తుంది. అది మేలా, కీడా అన్నదే ఒకే బృందంలో పనిచేసే ఈ ఇద్దరి వాదం.

మాధవి: బయటి నుంచి వచ్చే డేటాలో కొన్ని కీలు ఉండకపోవడం సహజం. ప్రతి మెట్టు దగ్గరా ఆగి ఉందా, లేదా అని అడిగే కోడ్‌లో అసలు పని ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తుంది. గెట్-ఇన్ ఆ బరువు తప్పిస్తుంది. నిల్ వద్దనుకుంటే డిఫాల్ట్, అంటే కీ దొరకనప్పుడు బదులుగా రావలసిన విలువ, ఇవ్వవచ్చు.

శ్రీనివాస్: కీ లేకపోవడం సహజమే మాధవి గారూ, కానీ నేను కీ పేరు తప్పు రాసినా గెట్-ఇన్ అదే జవాబు ఇస్తుంది. "పిన్‌కోడ్" అని ఉండగా "పిన్-కోడ్" అని రాస్తే నిల్ వస్తుంది, విలువలను అక్షరాల వరుసగా మార్చే ఎస్‌టీఆర్ ఫంక్షన్ దాన్ని ఖాళీ స్ట్రింగ్ చేస్తుంది, పార్సిల్ మీద అతికించే చీటీలో ఊరి పేరు పక్కన గీత ఒకటే మిగులుతుంది. ఎర్రర్ ఉండదు, లాగ్‌లో ఒక్క వరుస కూడా పడదు. మ్యాపు లోతులో విలువను పెట్టే అసోష్-ఇన్‌తో రాసేటప్పుడు మరీ ప్రమాదం: తప్పు కీ ఇస్తే, లేని మ్యాపులను తానే పుట్టించి విలువను అక్కడ దాచిపెడుతుంది. ఇక డిఫాల్ట్ అంటారా, కీ ఉండి దాని విలువే నిల్ అయితే డిఫాల్ట్ రాదు, నిల్ వస్తుంది.

మాధవి: హాస్కెల్ భాషలో కీని వెతికే లుకప్ ఇచ్చే మేబీ, అంటే లోపల విలువ ఉండవచ్చు, లేకపోవచ్చు అనే పొట్లం, మాత్రం ఏం మెరుగు? మూడు లుకప్‌లను గొలుసు కడితే, ఒక్కటి తప్పినా చివరికి చేతికి వచ్చేది నథింగ్, అంటే ఖాళీ పొట్లం. ఏ మెట్టు విరిగిందో అదీ చెప్పదు.

శ్రీనివాస్: ఒప్పుకుంటాను, అది తెలియాలంటే ఫలితాన్నో తప్పు వివరాన్నో మోసే ఈథర్ వాడి, దొరకని కీ పేరును తప్పు వివరానికి వాడే లెఫ్ట్‌లో పెట్టుకోవాలి. అయినా మేబీని విప్పకుండా విలువగా వాడబోతే, కోడ్ నడవకముందే దాన్ని పరీక్షించే కంపైలర్ ఒప్పుకోదు. కంపైలర్ అంత గట్టిగా అడ్డుపడని ఎలిక్సిర్ భాషలోనూ ఒక మర్యాద ఉంది: మ్యాపులో ఆటమ్ (తన పేరే తన విలువైన స్థిరాంకం) కీని చుక్క పెట్టి అడిగితే, అది లేనప్పుడు కీఎర్రర్ వస్తుంది, చదరపు బ్రాకెట్లతో అడిగితే నిల్ వస్తుంది. ఆ కీ తప్పనిసరో కాదో రాసినవారి ఉద్దేశం ఆ గుర్తులోనే కనబడుతుంది.

మాధవి: ఆ ఉద్దేశాన్ని డేటా లోపలికి వచ్చే గుమ్మం దగ్గరే, డేటా ఎలా ఉండాలో నియమాలు రాసే స్పెక్ అనే క్లోజర్ లైబ్రరీతో చెప్పవచ్చు కదా? అక్కడ తనిఖీ అయ్యాక లోపల నిశ్చింతగా గెట్-ఇన్ వాడుకోవచ్చు.

శ్రీనివాస్: స్పెక్ వచ్చిన డేటాను పరీక్షిస్తుంది, నేను కోడ్‌లో రాసిన దారిని కాదు. నా చీటీ ఉదాహరణలో వచ్చిన డేటా సరిగ్గానే ఉంది, తప్పింది నా చేయి. అందుకే తప్పనిసరి కీలకు, దొరకకపోతే దారి మొత్తం చూపి ఎర్రర్ విసిరే చిన్న ఫంక్షన్ రాసుకుందామంటున్నాను.

మాధవి: పిన్‌కోడ్‌కు అది వాడదాం, అభ్యంతరం లేదు. "ఇంటి ఆనవాలు" అనే కీకి మాత్రం నేను గెట్-ఇన్ వదలను. అది నింపకపోయినంత మాత్రాన ఎవరి ఆర్డరూ ఆగకూడదు.