టొరినోలో వారాలిద్దాం

ఈసారి ఇటలీలోని మన టొరినో తెలుగు సంఘం జరిపిన దసరా, బతుకమ్మ సంబరాల్లో భోజనాల వేళ మైకులో వినిపించిన ఒక మాట గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను. పేర్లు నమోదు చేసుకోని విద్యార్థులు కుటుంబాల పంక్తి పూర్తయ్యేవరకు ఆగాలని చెప్పడాన్ని నిర్వాహకుల ఇబ్బందిగా అర్థం చేసుకోవచ్చు. కానీ ఆ వెంటనే "వీళ్లు చదువుకోవడానికి వచ్చారో, భోజనానికి వచ్చారో" అన్న మాట, దానికి హాలులో లేచిన నవ్వు, గోడవారన నిలబడిన పిల్లల చెవిన పడ్డాయి. వారిలో ఎక్కువమంది ఆ వారమే టొరినోలో దిగినవారు. ఒక కుర్రవాడి చేతిలో పోస్టాఫీసులో ఇచ్చే పెర్మెస్సో (ఇక్కడ ఉండేందుకు కావలసిన నివాస అనుమతి) దరఖాస్తు కవరు ఉంది. పండుగకు ఎవరూ అలాంటి కవరు పట్టుకుని రారు. దాన్ని ఎలా నింపాలో చెప్పే తెలుగువారు ఒక్కరైనా దొరుకుతారని వచ్చాడు.

ఆ కవరు విలువ మనకు తెలియనిది కాదు. మనలో చాలామందిమి దాన్ని నింపాకే ఈ దేశంలో నిలదొక్కుకున్నాం. ఇటలీలో అడుగుపెట్టిన 8 పనిదినాల్లోగా దరఖాస్తు చేయాలి. దానికి కావలసిన 16 యూరోల స్టాంపు ఏ ప్రభుత్వ కార్యాలయంలోనో కాక, 'టి' అక్షరం బోర్డు వేలాడే పొగాకు దుకాణంలో దొరుకుతుందని విజయవాడలోగానీ వరంగల్‌లోగానీ ఏ కన్సల్టెన్సీ చెప్పి పంపుతుంది? దరఖాస్తులో రాయడానికి చిరునామా కావాలి, చిరునామాకు గది కావాలి, గది అద్దె ఒప్పందం రిజిస్టరు కావాలంటే కోడిచే ఫిస్కాలే, అంటే పన్నుల శాఖ ఇచ్చే గుర్తింపు కోడు, కావాలి. పదహారు అక్షరాలు, అంకెలు కలిసిన ఆ కోడు ఇంటిపేరులోని మూడు హల్లులతో మొదలై, సాధారణంగా పేరులోని మూడు హల్లులతో సాగుతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి, రెండూ కలిపి ఒకే గడిలో రాయించుకున్న మన పిల్లలకు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఒక కాగితంలో ముందుకు, మరో కాగితంలో వెనక్కు పడిన పేరు తర్వాత బ్యాంకులోనూ యూనివర్సిటీలోనూ వారిని వెంటాడుతుంది.

నేను ఇక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయం పాలిటెక్నికోలో మాస్టర్స్ చేయడానికి వచ్చిన ఏడాది సంగతి చెబుతాను. సెప్టెంబరు చివర ఒక శనివారం మిలాన్ దగ్గరి మల్పెన్సా విమానాశ్రయంలో దిగి, బస్సులో టొరినో చేరేసరికి చీకటి పడింది. ఫోనులో మాట్లాడుకుని, బయానా పంపి ఖాయం చేసుకున్న గది తాలూకు మనిషి ఫోను ఎత్తలేదు. ఇచ్చిన చిరునామాలో ఆ పేరు గలవారే లేరు. పోర్తా నువోవా స్టేషను దగ్గర ఒక హాస్టల్లో మంచం దొరికింది. సోమవారం 4వ నంబరు ట్రామ్‌లో కూర్చుని, అమ్మకు ఫోనులో "గది చాలా బాగుందమ్మా, కిటికీలోంచి కొండలు కనబడుతున్నాయి" అని చెబుతున్నాను. ఫోను పెట్టేశాక వెనక సీటులోంచి ఒకావిడ ముందుకు వంగి, "గది ఎక్కడ అబ్బయా?" అని అడిగారు. నెల్లూరు యాస విన్న వెంటనే నా గొంతు పూడుకుపోయింది.

ఆవిడ నన్ను ఇంటికి తీసుకువెళ్లారు. పప్పు, గోంగూర పచ్చడితో అన్నం పెట్టి, కంచాలు తీసేసిన బల్లను పొడిగుడ్డతో రెండుసార్లు తుడిచి, అప్పుడు దాని మీద పెర్మెస్సో దరఖాస్తు కిట్ పరిచారు. నల్ల సిరా పెన్ను నా చేతికిచ్చి, ఒక్కో గడిలో ఒక్కో పెద్దక్షరం చొప్పున ఇంటిపేరు దగ్గర నుంచి రాయించారు. వాళ్లాయన నా పాస్‌పోర్టు పేజీలన్నీ జిరాక్స్ తీసుకువచ్చారు. అన్నీ సర్ది నేను కవరు అంటించబోతే, "అంటించబాక అబ్బయా, కౌంటర్లో తెరిచే ఇవ్వాల" అని చేయి పట్టుకుని ఆపారు. మర్నాడు పోస్టాఫీసులో నా పక్కనే నిలబడి, కౌంటరులోని ఉద్యోగి అడిగినవాటికి ఇటాలియన్‌లో జవాబులు చెప్పి, వేలిముద్రలకు కోర్సో వెరోనాలోని కార్యాలయానికి ఎప్పుడు వెళ్లాలో రాసి ఉన్న రసీదు నా చేతిలో పెట్టించారు. నేను అక్కా అని పిలిచే ఆవిడ ఏ సంఘంలోనూ సభ్యురాలు కాదు.

నిర్వాహకుల వైపు న్యాయం లేదని అనను. హాలు అద్దె, తలకింత చొప్పున చెప్పుకున్న వంటవారి లెక్క వారికి నిజమైన బరువులే. ఇంట్లో పెట్టుకోవడం కూడా అనుకున్నంత తేలిక కాదు. విదేశీయుడికి బస ఇచ్చినవారు 48 గంటల్లోగా ఆ సంగతి స్థానిక పోలీసు అధికారులకు రాతపూర్వకంగా తెలపాలని ఇక్కడి చట్టం చెబుతోంది. మరో మనిషిని ఉంచుకోవడానికి ఒప్పుకోని ఇంటి యజమానులూ ఉన్నారు. నాలుగు రోజులని వచ్చి నెలలు ఉండిపోయినవారి కథలు నేనూ విన్నాను. స్కాలర్‌షిప్ వచ్చేస్తుందని నమ్మబలికిన కన్సల్టెన్సీ మాట పట్టుకుని చేతిలో డబ్బు లేకుండా బయలుదేరే పిల్లలది కూడా తప్పే. మొదటి విడత చేతికి అందేసరికి నెలలు గడుస్తాయని వారు ముందే తెలుసుకుని రావాలి.

ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా, భోజనానికి రావడాన్ని తప్పుగా ఎంచిన ఆ మాట నాకు మింగుడుపడటం లేదు. మన ఊళ్లలో ఒక తరం వారాలు చేసుకుని చదువుకుంది. సోమవారం ప్లీడరుగారింట్లో, మంగళవారం మేష్టారింట్లో అన్నం తిని, వీధి దీపం కింద చదివి పైకి వచ్చినవారు మన తాతల్లోనే ఉన్నారు. ఆ గుమ్మాలు అన్ని కులాల పిల్లలకూ తెరుచుకోలేదు. అది దాచిపెట్టవలసిన సంగతి కాదు. అయినా తెరుచుకున్న ఇళ్లలో ఏ ఇల్లాలూ ఆ పిల్లవాడు చదువుకు వచ్చాడా, తిండికి వచ్చాడా అని అడిగి ఎరగదు. ఆ రెండూ ఒకటేనని ఆమెకు తెలుసు. వేదికల మీద ఇటలీ యాత్రికుడు నికోలో డి కాంటి పేరు తలచుకుని మన భాషకూ ఈ దేశానికీ ఉన్న బంధాన్ని చాటుకునే మనం, ఆ గుణాన్ని మాత్రం ఎక్కడ వదిలిపెట్టాం?

సంఘాన్ని నేను కోరేది ఇల్లు ఇమ్మని కాదు, ఒక పూట ఇమ్మని. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఏడు కుటుంబాలు వారానికొక రోజు చొప్పున పంచుకోవాలి. ఒకరు స్టాంపు కొనిపించి కిట్ నింపించాలి. ఒకరు పోస్టాఫీసుకు, మరొకరు కోడిచే కోసం పన్నుల కార్యాలయానికి తోడు వెళ్లాలి. ఇంకొకరు గది చూసేటప్పుడు పక్కన ఉండి, బయానా ఇచ్చే ముందు ఒప్పందం చదివి పెట్టాలి. ఆదివారం వంతు వచ్చినవారు అన్నం పెడితే చాలు, ఆ రోజు ఏ కార్యాలయమూ ఉండదు. కొత్తగా దిగిన పిల్లల దగ్గర మొదటి పండుగకు రుసుము తీసుకోకూడదు. పంక్తిలో వారిని ముందు కూర్చోబెట్టాలి. ఈ ముందు కూర్చోబెట్టే పని దయచేసి వచ్చే ఉగాదికే మొదలుపెట్టండి, ఎందుకంటే నవ్వులపాలైన ఆ పిల్లలు అప్పటికి ఇంకా ఇక్కడే ఉంటారు. వారాలు ఇవ్వదలచినవారు జూన్‌లోగా కార్యదర్శికి పేర్లు తెలియజేస్తే, పిల్లలు అక్కడ విమానం ఎక్కకముందే ఆ ఫోను నంబర్లు వారికి చేరతాయి. మంగళవారం మా ఇంటి పేరున రాసుకోండి.