సవరణ: మైనస్ గుర్తును తిరగేసి చదివాను

అనంతపురం పిల్లల్లో రక్తహీనత గురించి మొన్న రాసిన పోస్టులో పెద్ద తప్పు దొర్లింది. కాన్సంట్రేషన్ ఇండెక్స్ (ఒక జబ్బు పేదల్లో ఎక్కువా, కలిగినవాళ్లలో ఎక్కువా అని చెప్పే సూచిక) మైనస్‌లో ఉంటే పేదలకు సమస్య తక్కువని రాశాను. నిజం దానికి పూర్తిగా తలకిందులు. చదివి నమ్మినవాళ్లందరికీ క్షమాపణలు.

ఈ సూచిక -1 నుంచి +1 దాకా ఉంటుంది. ఇళ్లను బీదవాటి నుంచి కలిగినవాటి దాకా వరసలో పెట్టి, జబ్బు ఎటువైపు పోగుపడిందో చూస్తారు. ఒక్కోదాంట్లో సమాన సంఖ్యలో పిల్లలున్న ఐదు వర్గాలు తీసుకుందాం. రక్తహీనత ఉన్నవాళ్లు బీద వర్గం నుంచి వరసగా 4, 3, 2, 1, 0 అనుకోండి. అందరికంటే బీదవాళ్లయిన 20 శాతం మీదే 40 శాతం జబ్బు పడింది. లెక్క కడితే -0.4 వస్తుంది. అంటే భారం ఎక్కువగా పేదల మీదే. అదే టీకాల్లాంటి మంచి విషయాన్ని కొలిచినప్పుడు ప్లస్ వస్తే, కలిగినవాళ్లకే ఎక్కువ అందుతోందని అర్థం.

ఇంకొకటి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోని సంపద సూచికను నేను "ఆదాయం" అన్నాను. అది టీవీ, బండి, మరుగుదొడ్డి, ఇంటి నేల వంటివి చూసి కట్టేది. కళ్యాణదుర్గం దగ్గర ఒకరింట్లో ఫ్రిజ్ ఉంది, వాకిట్లో బైకు ఉంది. బోరు ఎండిపోయి, వేరుశనగ పోయి, ఆ ఏడు చేతిలో పైసా లేదు. సూచికలో మాత్రం వాళ్లు పైమెట్టులోనే కనిపిస్తారు.

పాత పోస్టులో రెండు చోట్లా దిద్దాను.