కిట్టు ధరే ఇంజన్ పని ఖర్చా?

లారీ ఇంజన్ బోరుకొస్తే, అంటే లోపలి భాగాలు అరిగి విప్పి కట్టాల్సి వస్తే, ఎంత ఖర్చవుతుందనే దాని మీద ఒక సందేశం ఫోన్ల నుంచి ఫోన్లకు తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది. పొగ వస్తూ, ఆయిల్ తాగుతుంటే ఇంజన్ బోరుకొచ్చినట్టే. సిలిండర్ లోపలి గొట్టాలైన లైనర్లు, వాటిలో కదిలే పిస్టన్లు ఉన్న ఒక కిట్టు కొంటే సరిపోతుంది, ఆ కిట్టు ధరే అసలు ఖర్చు. పిస్టన్లు తిప్పే ఇరుసైన క్రాంకుకు గ్రైండింగు, ఇంజన్ పైన బిగించే హెడ్డు పని, డీజిల్ చిమ్మే నాజిళ్లు, ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో అంటూ బిల్లులో కలిపేదంతా దోపిడీ. ఇద్దరు మనుషులు ఒక్క రోజులో బిగించేస్తారు. అంత డబ్బు లేకపోతే చిక్కటి ఆయిల్ పోసి నడపండి, లేదా పాత ఇంజన్ ఒకటి తెచ్చి ఎక్కించుకోండి.

ఇది నమ్మి నష్టపోయేది పెద్ద కంపెనీలు కావు. వాళ్లకు సొంత షెడ్డు, సొంత మెకానిక్కులు ఉంటారు. ఒక్క బండి మీద బతుకుతూ, వాయిదాలు కట్టుకుంటూ ఉన్నవాళ్లే దెబ్బతింటారు. అందుకే ఒక్కో మాటా విడదీసి చూద్దాం.

మొదటిది, పొగ వస్తే బోరు అయిపోయినట్టేనన్న మాట. ఇది నిజమైతే ఎంత సులువుగా ఉండేదో! నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోందని అర్థం, అంతవరకే. ఆ ఆయిల్ పిస్టన్ చుట్టూ ఉండే రింగులు దాటి పైకి రావచ్చు, వాల్వు కాడలు కదిలే గైడ్లు అరిగి పైనుంచి దిగవచ్చు, టర్బో సీలు పోయి గాలితో పాటు లోపలికి వెళ్లవచ్చు, ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ మూసుకుపోయి ఒత్తిడి పెరగడం వల్లా రావచ్చు. నల్ల పొగ అయితే చాలాసార్లు గాలి చాలకో, నాజిల్ సరిగ్గా చల్లకో వచ్చేది. తెల్ల పొగ కాలని డీజిల్ కావచ్చు, సిలిండర్‌లోకి దిగుతున్న కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, కావచ్చు.

పొగే లేకుండా ఆయిల్ తగ్గిపోయే దారి ఇంకోటి ఉంది. బ్రేకులకు గాలి పట్టే కంప్రెసర్‌కు చాలా లారీల్లో ఇంజన్ ఆయిలే అందుతుంది. దాని రింగులు అరిగితే ఆయిల్ గాలితో కలిసి ట్యాంకుల్లోకి పోతుంది. గాలి ట్యాంకు కింది డ్రెయిన్ వాల్వు తెరిచినప్పుడు నీళ్లతో పాటు నల్లటి ఆయిల్ ధారగా వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది ఆ చిన్న కంప్రెసర్‌ని. దానికోసం మొత్తం ఇంజన్ దించుకున్నవాడి బాధ చెప్పనక్కర్లేదు.

కాబట్టి కిట్టు కొనేముందు చేయించాల్సింది సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతుందో చూసే కంప్రెషన్ పరీక్ష, దానితో పాటు లీకు పరీక్ష. పిస్టన్‌ను పైకి తెచ్చి, రెండు వాల్వులూ మూసి ఉన్నప్పుడు సిలిండర్‌లోకి గాలి ఎక్కిస్తారు. ఆ గాలి బ్రీదర్ దగ్గర బుసకొడితే రింగులు, లైనరు. సైలెన్సర్ గొట్టంలో వినబడితే ఎగ్జాస్ట్ వాల్వు. గాలి వచ్చే పైపులో వినబడితే ఇన్‌లెట్ వాల్వు. రేడియేటర్‌లో బుడగలు లేస్తే హెడ్డు కింది గాస్కెట్, హెడ్డు లేదా లైనరు. ఈ పరీక్షకయ్యే ఖర్చు కిట్టు ధర ముందు లెక్కలోకే రాదు. ఆరు సిలిండర్లలో ఒక్కటే బలహీనంగా ఉందని తేలితే వైద్యం వేరు, ఆరూ ఒకేలా నీరసించాయని తేలితే వేరు.

ఇక అసలు మాట, కిట్టు ధరే ఖర్చు అన్నది. కిట్టులో మామూలుగా ఉండేవి లైనర్లు, పిస్టన్లు, రింగులు, పిన్నులు, లాకులు. కొందరు బేరింగులు, గాస్కెట్ సెట్టు కలిపి అమ్ముతారు. కొత్త పిస్టను పాత క్రాంకుకే వేలాడాలి, కొత్త లైనరు పాత బ్లాకులోనే కూర్చోవాలి, రెండింటి మీదా పాత హెడ్డే బిగించాలి. ఆ పాతవి కొలతలో ఉన్నాయో లేదో చూడటానికి అయ్యేదే సందేశంలో దోపిడీ అన్న ఖర్చులో పెద్ద భాగం.

క్రాంకు సంగతి దగ్గరగా చూడండి. బేరింగు కూర్చునే జర్నల్ మీద గోరు పెట్టి రాస్తే గీతలు తగలకపోవచ్చు, అద్దంలా మెరుస్తూనే ఉండవచ్చు. మైక్రోమీటర్ పెట్టి ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా కొలిస్తే అప్పుడు బయటపడుతుంది, అది గుండ్రంగా లేదని, కోడిగుడ్డు వాటంలో అరిగిందని. బేరింగుకూ జర్నల్‌కూ మధ్య ఉండాల్సిన సందు సుమారుగా ఒక వెంట్రుక మందం. అది పరిమితి దాటితే ఆయిల్ పొర నిలవదు, ప్రెషర్ పడిపోతుంది. అలాంటి క్రాంకుకు కొత్త బేరింగులు వేసి బిగిస్తే బండి స్టార్ట్ అవుతుంది, నాలుగు ట్రిప్పులు బాగానే తిరుగుతుంది, తర్వాత ఎక్కడో ఎత్తు మీద లోడుతో లాగుతున్నప్పుడు బేరింగు పట్టేస్తుంది. కిట్టు డబ్బు, లోడు డబ్బు, బండిని లాక్కొచ్చిన డబ్బు, అన్నీ కలిసి తడిసి మోపెడవుతాయి.

జర్నల్‌ను గుండ్రంగా అరగదీసే గ్రైండింగు చేయించి, తగ్గిన కొలతకు సరిపోయే 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల అండర్‌సైజు బేరింగులు వేయడం మామూలే. అయితే అన్ని క్రాంకులూ ఒకటి కాదు. కరెంటుతో వేడిచేసే ఇండక్షన్ పద్ధతిలో గట్టిపరిచిన క్రాంకుకు ఆ గట్టిదనం కొన్ని మిల్లీమీటర్ల లోతు ఉంటుంది, గ్రైండింగును తట్టుకుంటుంది. నైట్రైడింగ్ చేసినదానికి, అంటే నైట్రోజన్ పట్టించి పైపొరను గట్టిపరిచినదానికి, గట్టి పొర మిల్లీమీటర్‌లో కొంత భాగమే. దాన్ని గ్రైండింగులో పోగొట్టుకుంటే మళ్లీ నైట్రైడింగ్ చేయించాలి, లేకపోతే కొత్త క్రాంకే. జర్నల్ అంచున ఉండే చిన్న వంపును సరిగ్గా మిగల్చకపోతే క్రాంకు అక్కడే విరుగుతుంది. బేరింగు ఒకసారి పట్టేసి తిరిగిపోయిన క్రాంకును పగుళ్ల పరీక్ష చేయకుండా తిరిగి వాడకూడదు. ఆ జర్నల్‌కు ఉన్న కనెక్టింగ్ రాడ్డునూ నమ్మకూడదు.

లైనరుదీ ఇదే కథ. చుట్టూ కూలెంట్ తిరిగే వెట్ లైనర్ ఇంజన్లో లైనరు తలభాగం బ్లాకు పైముఖం కంటే కొద్దిగా పైకి ఉండాలి. ఎంత ఉండాలన్నది తయారీదారు మాన్యువల్ చెబుతుంది, చాలా ఇంజన్లలో అది మిల్లీమీటర్‌లో పదో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. డయల్ గేజీ పెట్టి ప్రతి లైనరుకూ నాలుగు చోట్ల కొలవాలి. లైనరు కూర్చునే గట్టు తినేసి ఉంటే కొత్త లైనరు కిందికి దిగిపోతుంది, హెడ్ గాస్కెట్ దాన్ని సరిగ్గా నొక్కలేదు, కొన్నాళ్లకు మంట కూలెంట్‌లోకి దారి చేసుకుంటుంది. ఆ గట్టును కోసి, ఎత్తు సరిచేసే సన్నటి రేకైన షిమ్ము వేయడం మెషిన్ షాపు పని. లైనర్లు విడిగా లేని బ్లాకైతే సిలిండర్‌ను పెద్దది చేసే బోరింగు చేసి, ఆయిల్ నిలిచే సన్నటి హోనింగు గీతలు పెట్టి, ఓవర్‌సైజు పిస్టన్లు వేయక తప్పదు. ఇందులో దోపిడీ ఎక్కడుంది?

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి. వెట్ లైనర్ ఇంజన్లో క్రాంకు కొలతలో ఉండి, ఆయిల్ ప్రెషర్ బాగుండి, గట్టు సరిగ్గా ఉంటే ఇంజన్ దించకుండా బండి మీదే కిట్టు వేయడం న్యాయమైన పని, ఖర్చూ తగ్గుతుంది. కొలవకుండానే అందరి ఇంజన్లూ అలాగే ఉంటాయని చెప్పడమే తప్పు. అవసరం లేని గ్రైండింగు రాసే షెడ్లూ లేకపోలేదు. అలాంటి అనుమానం వస్తే కొలత అంకెలు కాగితం మీద అడగండి. ప్రతి జర్నల్ రీడింగు, దాని పక్కన మాన్యువల్ పరిమితి. చూపించలేనివాడికి గ్రైండింగు డబ్బు ఇవ్వనక్కర్లేదు.

హెడ్డు గురించి ఎక్కువ చెప్పను. కింద కంప్రెషన్ కొత్తగా పెరిగితే పైన అరిగిన వాల్వులు, గైడ్లు ఇంకా త్వరగా బయటపడతాయి. వేడెక్కిన హెడ్డు వంగి ఉండవచ్చు, వాల్వు సీట్ల మధ్య సన్నటి పగులు ఉండవచ్చు. ప్రెషర్ పరీక్ష లేకుండా హెడ్డు తిరిగి పెట్టడం జూదం.

నాజిళ్లు, టర్బో ముట్టుకోనక్కర్లేదన్న మాట మాత్రం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది. ఎందుకంటే చాలా ఇంజన్లు అరగడానికి కారణమే అక్కడ ఉంటుంది. ఒకే పైపు నుంచి అన్ని నాజిళ్లకూ డీజిల్ అందే ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో డీజిల్ 1,600 నుంచి 2,500 బార్ ఒత్తిడితో చిమ్ముతుంది. ఒక నాజిల్ చిమ్మాల్సింది కారితే ఆ డీజిల్ లైనరు గోడ మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, పిస్టన్ తలను కాల్చి రంధ్రం పెడుతుంది, మిగిలింది కిందికి దిగి ఆయిల్‌ను పల్చబరిచి బేరింగులను తింటుంది. ఆ నాజిల్‌నే తిరిగి కొత్త పిస్టన్ నెత్తిన పెడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? టర్బో షాఫ్టు నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరుగుతుంది, అదీ ఇంజన్ ఆయిల్ మీదే. బేరింగు పోయిన ఇంజన్లో లోహపు పొడి ఆయిల్‌తో కలిసి దాని లోపలికీ వెళ్లే ఉంటుంది. ఆయిల్ కూలర్ ఇంకా ప్రమాదం. సన్నటి దారుల్లో చిక్కుకున్న పొడి ఎంత కడిగినా పూర్తిగా పోయిందన్న నమ్మకం లేదు. అందుకే బేరింగు పోయిన ప్రతిసారీ కూలర్ మార్చడమే మంచిది.

గాలి దారి కూడా చూడాలి. ఎయిర్ ఫిల్టర్ దాటిన తర్వాత ఉండే రబ్బరు గొట్టం లోపల తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకు దుమ్ము అంటిందంటే ఫిల్టర్ దాటి, లేదా గొట్టం పగులులోంచి మట్టి లోపలికి పోతోందని అర్థం. మట్టి తిన్న ఇంజన్లో పై రింగు ముందు అరుగుతుంది. ఒక క్లిప్పు, ఒక గొట్టం మార్చకుండా కొత్త కిట్టు వేస్తే అది మూన్నాళ్ల ముచ్చటే.

చిక్కటి ఆయిల్ మాటకొస్తే, అది అరిగిన లోహాన్ని తిరిగి పెంచదు. చల్లటి ఇంజన్లో మెల్లగా పారుతుంది, పైనున్న వాల్వులకూ టర్బోకూ ఆలస్యంగా చేరుతుంది. పొగ వడపోసే డీపీఎఫ్ ఉన్న బండిలో అయితే కాలిన ఆయిల్ బూడిదగా మారి అందులో పేరుకుంటుంది. మసి కాలుతుంది కానీ బూడిద కాలదు. ఇంజన్ ఖర్చుకు ఇంకో ఖర్చు తోడవుతుంది.

పాత ఇంజన్ ఎక్కించుకోవడం కొన్నిసార్లు సరైన దారే. బ్లాకు పగిలితే, రాడ్డు బయటికొస్తే వేరే మార్గం తక్కువ. కానీ కొనేది కూడా అరిగిన ఇంజనే, కాకపోతే దాని చరిత్ర మనకు తెలియదు. కంప్రెషన్ చూడకుండా, అడుగున ఆయిల్ నిలిచే సంప్ విప్పి రెండు బేరింగులైనా చూడకుండా, రాతపూర్వక వారంటీ లేకుండా కొనకూడదు. ఎలక్ట్రానిక్ ఇంజన్లలో డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల కోడ్లు ఇంజన్ కంప్యూటర్ అయిన ఈసీయూలో ఎక్కించే పని కూడా ఉంటుంది, దాన్నీ లెక్కలో వేసుకోవాలి. ఫ్యాక్టరీలో తిరిగి కట్టిన ఇంజన్‌ను మార్పిడి మీద ఇచ్చే పద్ధతిలో మీ పాత ఇంజన్ తిరిగి ఇవ్వాలి. దాని బ్లాకో, క్రాంకో పనికిరాదని తేలితే దానికీ డబ్బు పట్టుకుంటారు. ఇది ముందే అడిగి రాయించుకోవాలి.

ఒక్క రోజులో బిగించడం గురించి ఆఖరిగా. విప్పడం ఒక్క రోజులో అవుతుంది. మెషిన్ షాపులో క్రాంకు, హెడ్డు వంతు రావాలి. తిరిగి కట్టేటప్పుడు ప్రతి రింగునూ లైనరులో పెట్టి ఫీలర్ గేజీతో దాని కొసల మధ్య సందు చూడాలి, ఇన్ని డిగ్రీలని కోణం లెక్కతో బిగించే బోల్టుల్లో ఒక్కసారే వాడాల్సినవి కొత్తవి వేయాలి, స్టార్ట్ చేసే ముందు ఇంజన్ లోపల ఆయిల్ పారే గాలరీలను ఆయిల్‌తో నింపాలి. బండి మీ చేతికొచ్చాక కూడా గంటల తరబడి ఐడిల్‌లో ఉంచకుండా మధ్యస్థమైన లోడు మీద నడపాలి. లేకపోతే లైనరు గోడ నున్నబడి రింగులు కూర్చోవు, కొత్త ఇంజనే ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. మొదటి ఆయిల్ త్వరగా మార్చాలి. ఇవన్నీ అయ్యేదాకా బండి ఆగే రోజుల ఆదాయం కూడా ఖర్చులోదే.

కాబట్టి షెడ్డువాళ్ల దగ్గర అంచనా రెండుసార్లు అడగండి. విప్పకముందు ఒకటి, అందులో తక్కువైతే ఇంత, ఎక్కువైతే ఇంత అని రెండు అంకెలు ఉండాలి. విప్పి, కడిగి, కొలిచాక రెండోది, కొలతలతో సహా. క్రాంకు, బ్లాకు, హెడ్డు, నాజిళ్లు, టర్బో, కూలర్ విడివిడిగా రాసి, దేనికి ఏం చేస్తారో పక్కన ఉండాలి. మార్చిన పాత సామాన్లు తిరిగి ఇవ్వాలని పని మొదలుపెట్టకముందే చెప్పండి.