లడ్డూకు కాపలా ఉంది, మారియోకు వద్దా?

జూన్‌లో బడులు తెరిచే రోజుల్లో తిరుపతిలో పేపరు మడత విప్పితే వార్తల కంటే ముందు కరపత్రాలు జారిపడతాయి. ఈ ఏడాది వాటిని పారేయకుండా ఒక వారం పాటు దాచి చూశాం. వీడియో గేములోని ఎర్ర టోపీ, గుబురు మీసాల మారియో ఒక కోచింగ్ సెంటర్ బ్రోచర్ మీద ఐఐటీ ఫౌండేషన్ కోర్సులోకి దూకుతున్నాడు. ఒక ప్లేస్కూలు కాగితం మీద ఇంకో ఆట బొమ్మ పికాచు పలకా బలపం పట్టుకుని కూర్చున్నాడు. ఆపరేషన్ లేకుండా మొలలు తగ్గిస్తామనే క్లినిక్ వాళ్లు ఆటల్లో పరుగుకు పేరున్న సోనిక్‌ను పరిగెత్తించారు. ఆ జబ్బుకూ ఆ పరుగుకూ పొత్తేమిటో కాసేపు ఆలోచించి వదిలేశాం. పైపులు, కుళాయిలు అమ్మే దుకాణం వాళ్లు కూడా మారియోనే పెట్టుకున్నారు. అతను ఎలాగూ ప్లంబరే కదా అని వాళ్లయినా వాదించుకోవచ్చు.

అదే వారం మా పత్రిక అడ్మిషన్ల ప్రత్యేక పేజీలో యాంగ్రీ బర్డ్స్ ఆటలోని ఎర్ర పిట్టతో ఒక ప్రకటన వచ్చింది. డబ్బు తీసుకున్నాం, అచ్చేశాం. బొమ్మ ఎవరిదని మా ప్రకటనల విభాగంలో ఒక్కరూ అడగలేదు. కాబట్టి ఎవరినైనా తప్పుపట్టాల్సి వస్తే మొదటి తప్పు మాదే.

ఈ బొమ్మలు గాల్లోంచి ఊడిపడలేదు. మారియో 1981లో డాంకీ కాంగ్ అనే ఆటలో మొదటిసారి కనిపించాడు. అప్పటికి ఆ పేరు కూడా లేదు, జంప్‌మ్యాన్ అనేవారు. గీసింది నింటెండో సంస్థలో పనిచేసిన షిగెరు మియామోటో. ఆనాటి తెర మీద చుక్కలు తక్కువ కాబట్టి ముఖంలో నోరు గీయడం కష్టమై మీసం పెట్టారు, జుట్టు కదిలించలేక టోపీ పెట్టారు. అంత ఇరుకులోంచి అంత గుర్తుండే మనిషిని పుట్టించడం మామూలు పని కాదు. సోనిక్ 1991లో సెగా వాళ్ల దగ్గర, పికాచు 1996లో పోకెమాన్ ఆటలో, ఎర్ర పిట్ట 2009లో ఫిన్లాండ్‌లోని రోవియోలో పుట్టాయి. పిల్లవాడు ఆ బొమ్మను చూడగానే కాగితం అందుకుంటాడంటే అది కోచింగ్ సెంటర్ గొప్ప కాదు. వేరేవాళ్లు ఏళ్ల తరబడి సంపాదించుకున్న చనువు అది. దాన్ని పైసా ఇవ్వకుండా, మాటైనా అడగకుండా వాడుకుంటున్నాం.

ఈ సంగతి మిగతా ఊళ్ల కంటే తిరుపతికి బాగా అర్థం కావాలి. 2009లో తిరుపతి లడ్డూకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్రసాదానికి రిజిస్ట్రేషన్ ఏమిటని అప్పట్లో విమర్శలూ వచ్చాయి. అయినా ఆ పేరు పెట్టి ఎవరుపడితే వారు ఎక్కడపడితే అక్కడ లడ్డూలు అమ్ముకోకూడదన్న మాట ఈ ఊరిలో చాలామందికి న్యాయంగానే తోచింది. పక్కనే శ్రీకాళహస్తి కలంకారీ ఉంది. కలంతో గీసి, కరక్కాయ నీళ్లలో నానబెట్టి, ఒక్కో రంగుకూ ఉతికి ఆరబెట్టిన గుడ్డ అది. మిషన్ ప్రింటు గుడ్డకు కలంకారీ అని పేరు పెట్టి అమ్మితే మనకు ఒళ్లు మండుతుంది. మన సరుకు దగ్గర ఉన్న ఈ పట్టింపు జపానువాడి బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోతోంది?

మేము అడిగిన ఒక డీటీపీ సెంటర్ కుర్రాడు చెప్పిన జవాబు ఇది: "జపానోడు తిరపతికొచ్చి చూస్తాడా సార్?" అతని మాటను కొట్టిపారేయలేం. నింటెండో లాయర్లు రేణిగుంటలో దిగి లీలామహల్ సర్కిల్‌లో ఫ్లెక్సీలు లెక్కపెట్టరు. ఆ కుర్రాడి కష్టం కూడా తెలుసు. కస్టమర్ రాత్రి వచ్చి పొద్దున్నకల్లా పాంప్లెట్ కావాలంటాడు. డిజైన్‌కు విడిగా డబ్బులిచ్చేవాళ్లు తక్కువ, అంతా ప్రింటింగ్‌లోనే కలిపెయ్యమంటారు. గూగుల్‌లో వెతికితే వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మ దొరుకుతుంది, కింద 'ఫ్రీ డౌన్‌లోడ్' అని ఉంటుంది. ఫ్రీ అంటే ఫ్రీయే అనుకుంటాడు. అలిపిరి మెట్లదారిలో కుళాయి నీళ్లు ఎవరైనా తాగొచ్చు. అవే నీళ్లు బాటిళ్లలో పట్టి మెట్ల మీద అమ్ముతానంటే ఊరుకుంటారా?

ఇప్పుడు కరపత్రం కాగితం మీదే ఆగడం లేదు. అదే బొమ్మ సాయంత్రానికి వాట్సాప్ స్టేటస్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, యూట్యూబ్ ప్రకటనలో ఉంటుంది. అక్కడ జపానువాడు తిరుపతికి రానక్కర్లేదు. కంపెనీ ఫిర్యాదు చేస్తే పోస్టు పోతుంది, ఒక్కోసారి ఖాతా కూడా పోతుంది.

చట్టం విషయానికొస్తే, మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. ఒక దేశం రచనలకూ బొమ్మలకూ ఇంకో దేశం రక్షణ ఇచ్చే బెర్న్ ఒప్పందంలో మనమూ ఉన్నాం కాబట్టి విదేశీ బొమ్మకు కూడా ఇక్కడ రక్షణ ఉంటుంది. ఇక్కడ రిజిస్టర్ చేయించుకోలేదు కదా అనే వాదన చెల్లదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 1981లో పుట్టిన మారియోకు కూడా ఇంకా గడువు తీరలేదు. తెలిసి ఉల్లంఘించినవారికీ, దానికి తోడ్పడినవారికీ 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా పడొచ్చు. దీన్ని బెయిలు హక్కుగా దొరకని నేరంగానే చూడాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 'తోడ్పడినవారు' అన్న మాట దగ్గర ప్రెస్సువాళ్లూ, మాలాంటి పత్రికలూ కొంచెం ఆగాలి. నాకు తెలియదు అని నిరూపించుకుంటే సివిల్ కేసులో భారం కొంత తగ్గుతుంది, కానీ బొమ్మ ఆపాల్సిందే, వచ్చిన లాభంలోంచి ఇవ్వాల్సి రావచ్చు. అయినా పికాచు ఎవరిదో తెలియదని ఏ దుకాణదారు కోర్టులో చెప్పగలడు? ఆ బొమ్మను అతను ఎంచుకున్నదే అందరికీ తెలిసిన బొమ్మ కాబట్టి.

టోక్యోలో జరిగిన కథ ఒకటి ఉంది. అక్కడ ఒక కంపెనీ పర్యాటకులకు చిన్న కార్టు బళ్లు అద్దెకిచ్చి, మారియో వేషాలు కూడా ఇచ్చి ఊరి వీధుల్లో తిప్పేది. ఆటకూ వాళ్లకూ సంబంధం లేదు. నింటెండో 2017లో కోర్టుకు వెళ్లింది. 2018లో కింది కోర్టు కోటి యెన్‌లు కట్టమంది. అప్పీలుకు పోతే 2020లో పై కోర్టు దాన్ని 5 కోట్ల యెన్‌లు చేసింది. అక్కడ కోర్టు ఎక్కువగా పట్టుకున్నది అన్యాయ పోటీ చట్టాన్ని. ఇంకొకరి పేరుప్రతిష్ఠల నీడలో గిరాకీ తెచ్చుకోవడమే తప్పు అయింది.

మన కోర్టులు ప్రతిసారీ బొమ్మ యజమాని వైపే తీర్పు ఇచ్చాయని చెప్పలేం. 1990ల్లో ఢిల్లీ హైకోర్టు నాగరాజ్ అనే కామిక్ బొమ్మను పోలిన నాగేశ్‌ను ఆపేసింది. రెండు దశాబ్దాల కిందట బాంబే హైకోర్టులో మాత్రం, పేరున్న హిందీ అత్తాకోడళ్ల సీరియల్‌ను గుర్తుచేసేలా బట్టల సబ్బు పొడి ప్రకటన తీశారని చానల్ వేసిన కేసు నిలవలేదు. గుర్తుచేయడం వేరు, ఎత్తి అతికించడం వేరు. మీసాలున్న ప్లంబర్ అనే ఊహ ఎవరి సొత్తూ కాదు. ఎర్ర టోపీ, దాని మీద ఎం అక్షరం, నీలం ప్యాంటు, ఆ ముక్కు, ఆ దూకుడు అన్నీ కలిస్తే అది ఒకరిదే. ఏఐతో 'మారియోలా' గీయించినా ఇదే లెక్క. ఆట మీద సమీక్ష రాస్తూ బొమ్మ వేసుకోవచ్చు, వార్త రాస్తూ వేసుకోవచ్చు. ఎనిమిదో తరగతి పిల్ల తన నోటు పుస్తకం అట్ట మీద పికాచును గీసుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు, ఉండకూడదు కూడా. ఆ బొమ్మతో ఫీజు వసూలు చేసే దగ్గరే పేచీ.

మాకు ఇంకో బాధ కూడా ఉంది. ఈ చుట్టుపక్కల గీయగల చేతులు ఎన్ని లేవు? శిల్పం, చిత్రలేఖనం నేర్పే సంస్థ తిరుపతిలోనే ఉంది. కాళహస్తిలో కలం పట్టినవాళ్లున్నారు, మాధవమాలలో చెక్క చెక్కేవాళ్లున్నారు. సైన్‌బోర్డులు చేత్తో రాసిన పాత ఆర్టిస్టులు ఫ్లెక్సీలు వచ్చాక పని లేక ఇంట్లో కూర్చున్నారు. వీళ్లలో ఒకరికి రెండు రోజుల కూలి ఇచ్చి సొంత బొమ్మ గీయించుకుని, హక్కులు రాయించుకుంటే అది పదేళ్లు పనికొస్తుంది, పక్క సెంటర్ వాడు ఎత్తుకుపోతే అడిగే హక్కూ ఉంటుంది. చిత్తూరు వైపు మామిడి రసం, గుజ్జు వ్యాపారులకైతే బొమ్మ కోసం వెతకాల్సిన పనే లేదు. తోతాపురి కాయకు ముక్కు పుట్టుకతోనే ఉంది, రెండు కళ్లు పెడితే చాలు. గంగమ్మ జాతర వేషాలు తీసుకుందామా అని ఎవరైనా అనొచ్చు. అవి మొక్కుబడి వేషాలు, వాటిని సబ్బుల మీదకు తేకపోతేనే మంచిది.

ఇక మా సంగతి. ఆ ఎర్ర పిట్ట ప్రకటన ఇచ్చిన సంస్థకు విషయం చెప్పాం, మళ్లీ వేయబోమని చెప్పాం. వాళ్లు కోప్పడ్డారు, పక్క పేపరుకు వెళ్తామన్నారు, బహుశా వెళ్లారు కూడా. ప్రకటనల ఫారంలో కొత్తగా ఒక గడి చేర్చాం: 'ఇందులోని బొమ్మ ఎవరిది?' మొదటి రోజు వచ్చిన ఫారాల్లో ఒకదానిలో, చక్కని చేతిరాతతో, 'గూగుల్‌ది' అని ఉంది.