మరి కూలేదండీ ఇందులో?

డిసెంబరు మొదలుకొని ఫిబ్రవరి సగం దాకా హైదరాబాదులో ప్రదర్శనల కాలం. నాంపల్లిలో జనవరి 1న నుమాయిష్ తెరుచుకుంటుంది, మాదాపూర్ శిల్పారామంలో సంక్రాంతి సందడి ఉంటుంది, ఇక అపార్టుమెంట్ల క్లబ్‌హౌసుల్లో, కల్యాణ మండపాల్లో రెండేసి రోజులు జరిగే చిన్న చిన్న ‘హ్యాండ్‌మేడ్’ మేళాలకైతే లెక్కే లేదు. ఈ కాలంలో మనలాంటి కుట్లు అల్లికల పిచ్చివాళ్ళందరూ వరసగా పోస్టులు పెడతారు. చేతిపని పేరుతో మిషను సరుకు అమ్మేస్తున్నారనీ, నిర్వాహకులు అద్దె ముట్టిందా లేదా అన్నదే చూస్తున్నారనీ, తాను చేసినదాన్ని కొనేవాళ్ళే లేరనీ రాస్తారు. ఆ మాటల్లో అబద్ధమేమీ లేదు, నేనూ అలాంటివి రాసినదాన్నే. కానీ ఈసారి ఫిర్యాదు మన మీదే, అంటే సరదాకి అల్లి, సరదాకి స్టాల్ పెట్టి, సరదా ధరకు అమ్మే నాలాంటి వాళ్ళ మీద.

ముందుగా మిషను సరుకు సంగతి చెప్పి పక్కన పెడతాను. రెండేళ్ళ క్రితం ఒక మేళాలో ‘పెడన కలంకారీ’ అని బోర్డు పెట్టిన స్టాల్‌లో దుపట్టా చేతిలోకి తీసుకున్నాను. పెడన కలంకారీ అంటే గుడ్డ మీద చెక్క అచ్చులతో చేత్తో అద్దే పని. అలా అద్దినదైతే ఒక అచ్చు ముగిసి ఇంకో అచ్చు మొదలయ్యే చోట గీత ఒక్క వెంట్రుకవాసి అయినా జరుగుతుంది, ఎక్కడో ఒక పువ్వు అంచు మరో పువ్వు మీదికి ఎక్కుతుంది. ఆ దుపట్టాలో ఈ కొసనుంచి ఆ కొసదాకా ప్రతి నెమలి మెడా ఒకే కొలతలో ఉంది, వెనక్కి తిప్పితే రంగు సగమే దిగింది. గుడ్డను కరక్కాయ రసంలో, పాలలో నానబెట్టి ఆరబెట్టడం, ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరవేసి నలుపు తీయడం, పటిక అద్దిన చోట ఎరుపు పట్టేలా ఉడకబెట్టడం, ప్రతి రంగు తరువాత ఉతికి ఎండబెట్టడం – ఇంత పని జరిగిన గుడ్డ 350 రూపాయలకు రాదని ఎవరికైనా తట్టాలి. అది జాలీ చట్రం మీదుగా రంగు అద్దే స్క్రీన్ ప్రింటు. అదీ పనే, పెడనలోనే ఆ పని చేసి బతుకుతున్న కుటుంబాలు ఉన్నాయి, వాళ్ళను తక్కువ చేసే హక్కు నాకు లేదు. స్క్రీన్ ప్రింటు అని చెప్పి అమ్మితే చాలు.

నూలు అమ్మే స్టాళ్ళదీ ఇదే తంతు. ‘వంద శాతం కాటన్’ అని చెప్పి నాకు అంటగట్టిన ఆరు ఉండల్లో ఒకదాని కొస ఇంటికొచ్చి అగ్గిపుల్లతో కాలిస్తే, కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలడానికి బదులు, కరిగి గట్టి నల్లపూసలా ముడుచుకుంది. అచ్చమైన అక్రిలిక్. ఇలాంటి మోసాలకు మందు ఉంది. వెనక్కి తిప్పి చూడవచ్చు, కాల్చి చూడవచ్చు, నిర్వాహకులను నిలదీయవచ్చు. ఢిల్లీలో 1994 నుంచి నడుస్తున్న దిల్లీ హాట్ అనే చేతిపనుల బజారులో గుర్తింపు కార్డు ఉన్న చేతిపనివారికి 15 రోజుల చొప్పున వంతుల వారీగా స్టాళ్ళు ఇచ్చే పద్ధతి పెట్టారు. అక్కడా దళారులు దూరుతారన్న ఆరోపణలు ఉన్నాయి గానీ, కనీసం ‘నువ్వు ఎవరు, ఏం చేస్తావు’ అని అడిగే నియమమైనా ఉంది. మన క్లబ్‌హౌసు మేళాల్లో అడిగేది ఫోన్‌పే చేశారా అన్నది ఒక్కటే.

మందు లేనిది మన రోగానికి.

నేను ఒక సంస్థలో జమాఖర్చులు చూసే ఉద్యోగం చేస్తాను. క్రోషియా, అంటే కొక్కెం సూదితో నూలు అల్లే పని, మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఆవిడది పాలకొల్లు వైపు, బీరువా మీద, టీవీ మీద, చివరికి మంచినీళ్ళ కుండ మీద కూడా లేసు గుడ్డ కప్పనిదే ఆవిడకు తోచేది కాదు. నాలుగేళ్ళ క్రితం ఒక పెద్ద అపార్టుమెంటు సముదాయంలో మేళా పెడుతుంటే, స్నేహితురాళ్ళు ముందుకు తోయడంతో, రెండు రోజులకు 5,000 రూపాయల అద్దె కట్టి మొదటిసారి స్టాల్ పెట్టాను. ఒక పక్కన బేగంబజారు నుంచి డజన్ల లెక్కన తెచ్చిన గిల్టు నగల స్టాలు, ఇంకో పక్కన నరసాపురం దగ్గరి ఊరి నుంచి లేసు తెచ్చిన ఒకావిడ. యాభై దాటిన మనిషి, వెంట కొడుకు వచ్చాడు గానీ బేరాలన్నీ ఆవిడే చూసుకుంది.

నా దగ్గర చేతిసంచులు, కప్పుల కింద వేసే చాపల్లాంటివి, పిల్లల టోపీలు ఉన్నాయి. సంచి 450 రూపాయలు. ఆ ధర ఎలా పెట్టానంటే, నూలు ఎంతయిందో చూసి, దాని మీద ‘ఏదో కొంత’ వేశాను. ఆఫీసులో పది రూపాయల తేడా వస్తే రాత్రి ఎనిమిదింటి దాకా కూర్చునే నేను, నా సొంత పని దగ్గర ‘ఏదో కొంత’ అని రాసుకున్నానంటే ఇప్పుడు నాకే సిగ్గేస్తుంది. రెండు రోజుల్లో 19 వస్తువులు అమ్ముడుపోయి 8,650 రూపాయలు వచ్చాయి. ఇంటికెళ్ళి అందరికీ ఆ అంకె గర్వంగా చెప్పాను. వాటికి పట్టిన సరుకు 5,600, స్టాల్ అద్దె 5,000, రానూపోనూ ఆటో 700 అన్న సంగతి ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. సరదాకి ఎదురు 2,650 పెట్టానన్నమాట.

డబ్బు పోయింది నాదే అయితే ఈ పోస్టు రాసే అవసరం ఉండేది కాదు. రెండో రోజు సాయంత్రం ఒక జంట ఆ నరసాపురం ఆవిడ స్టాల్ దగ్గర నిలబడి బల్లగుడ్డ ఒకటి చూస్తున్నారు. సన్నని నూలుతో అల్లిన పొడవాటి గుడ్డ, ఒక్కొక్క పువ్వూ విడిగా అల్లి తరువాత అతికినది, అతుకు ఎక్కడుందో వేలితో తడిమితే తప్ప కంటికి ఆనదు. ధర 1,800 చెప్పింది. ఆ భార్య నా బల్లవైపు చెయ్యి చూపించి, ‘‘ఇదీ క్రోషియానే కదా, పక్కావిడ అంత పెద్ద సంచే 450కి ఇస్తోంది, మీరు మరీ ఎక్కువ చెబుతున్నారు’’ అంది. ఆవిడ వాదించలేదు. ‘‘అయితే అక్కడే తీసుకోండమ్మా’’ అని, ఆ గుడ్డను నాలుగు మడతలు వేసి, ప్లాస్టిక్ కవరులో దూర్చి, అట్టపెట్టెలో పెట్టేసుకుంది. వాళ్ళు నా దగ్గరకు వచ్చి సంచి కొన్నారు. నేను సంతోషంగా అమ్మాను కూడా.

సామాన్లు సర్దుకుంటున్నప్పుడు ఆవిడే నన్ను పలకరించింది. సంచి చేతిలోకి తీసుకుని, లోపలి గుడ్డ తిప్పి చూసి, నూలు ఎంత పడిందని అడిగింది. నూలు 240, లోపలి గుడ్డ, జిప్పు కలిపి 70 అన్నాను. ఎన్నాళ్ళు పట్టిందంది. రోజూ రాత్రి టీవీ చూస్తూ అల్లాను, అన్నీ కలిపితే 11 గంటలు అన్నాను. ఆవిడ కాసేపు ఆగి, ‘‘మరి కూలేదండీ ఇందులో?’’ అంది. దెప్పిపొడుపు కాదు, నిజంగానే తెలియక అడిగినట్టే అడిగింది.

450లో 310 పోతే 140. దాన్ని 11 గంటలకు పంచితే గంటకు 13 రూపాయలు కూడా పడదు. అది కూడా అద్దె కలపకుండా.

ఇక్కడ క్రోషియాకు ఉన్న ఒక ప్రత్యేకత చెప్పాలి. స్వెట్టరు అల్లే మిషన్లున్నాయి, ఎంబ్రాయిడరీ మిషన్లున్నాయి, లేసు నేసే మిషన్లూ ఉన్నాయి. కానీ అసలైన క్రోషియా కుట్టును చేతి సూది వేసినట్టే వేసే మిషను బజారులోకి రాలేదు, దుకాణాల్లో కనిపించే మిషను సరుకు చాలావరకు చూపుకు అలా ఉండే వేరే అల్లిక. కనుక అసలు క్రోషియా వస్తువు ఎక్కడైనా కారుచౌకగా దొరికిందంటే, అది మిషను చలవ కాదు, ఎవరో ఒక ఆడమనిషి చేతి పనికి లెక్క కట్టలేదని అర్థం. పెద్ద కంపెనీ బట్టల దుకాణంలోనైనా, నా బల్ల మీదైనా ఇదే లెక్క. తేడా ఏమిటంటే ఆ దుకాణం కోసం అల్లే ఆమెకు అంత తక్కువకు ఇస్తే తప్ప గతి లేదు, నాకు ఆ అవసరం లేకపోయినా నేనే ఇచ్చేశాను.

నరసాపురం లేసు చరిత్రంతా ఈ ‘సరదా’ అన్న మాట చుట్టూనే తిరిగింది. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి డెల్టాలో నేర్పిన పని అది. తరువాత అది విదేశాలకు ఎగుమతయ్యే వ్యాపారమైంది. ఏజెంట్లు ఇళ్ళకు నూలు పంచి, అల్లిన ముక్కలు పోగుచేసుకుంటారు. పువ్వులు అల్లేవాళ్ళు వేరు, అతుకుపని చేసేవాళ్ళు వేరు. ఖర్చయిన నూలును బట్టి కూలి. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడే ఉండి పరిశీలించి 1982లో ప్రచురించిన అధ్యయనంలో చూపించింది ఇదే: రోజుకు ఆరేడు గంటలు అల్లే ఆడవాళ్ళను కూడా కార్మికులుగా కాక, తీరిక వేళల్లో చెయ్యి ఊరుకోక అల్లే గృహిణులుగా లెక్కవేయడం వల్లనే కూలి అంత అడుగున ఉండిపోయింది. 2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే. ఆ గుర్తింపు ఇంకో ఊరివాళ్ళు ఆ పేరు వాడుకోకుండా ఆపగలదు. పక్క స్టాల్‌లో ఒక ఉద్యోగస్తురాలు గంటకు 13 రూపాయల లెక్కన అమ్ముతుంటే మాత్రం ఏ చట్టమూ ఆపలేదు.

కొనడానికి వెళ్ళినప్పుడు మనం చేసే నిర్వాకం ఇంకొకటి. సూది పట్టడం వచ్చిన ప్రతివాళ్ళకూ స్టాల్ ముందు నిలబడి ‘ఇది నేనూ చేయగలను’ అనడం అలవాటు. కొందరు మొగుడి చెవిలో అంటారు, కొందరు అమ్మేవాళ్ళకు వినబడేలాగే అంటారు. ఆ తరువాత ఫోను తీసి అంచు డిజైనును దగ్గరగా ఫోటో తీస్తారు. నేనూ తీశాను. ఆ నరసాపురం ఆవిడ దగ్గరే, మొదటిరోజు పొద్దున, అడగకుండా, గుడ్డ అంచున ఉన్న అనాసపువ్వు వరస ఫోటో తీసుకుని, నెల తిరగకముందే అల్లి, అదే అంచుతో నాలుగు కప్పుచాపలు ఒక్కోటి 80 రూపాయలకు అమ్మాను. ఆ పువ్వు ఆవిడ కనిపెట్టింది కాకపోవచ్చు, అమ్మమ్మల కాలం నాటిదే కావచ్చు. అయినా నేను దాన్ని అమ్మమ్మ దగ్గర నేర్చుకోలేదు, ఆవిడ బల్ల మీంచి ఎత్తుకొచ్చాను.

‘మేం లాభానికి చేయడం లేదు కదా, మనసు కుదుటపడడానికి చేస్తున్నాం, నూలు డబ్బులు వస్తే చాలు’ అని మీలో చాలామంది అంటారని తెలుసు. అలాగైతే అల్లినవి పంచిపెట్టండి. మేనకోడలికి ఇవ్వండి, పనమ్మాయి పాపకు టోపీ ఇవ్వండి, ఆఫీసులో రిటైరయ్యేవాళ్ళకు ఇవ్వండి, ఎవరి నోటి దగ్గర కూడూ పోదు. ధర చీటీ అంటించి, ఆ పని మీదే ఇల్లు గడుపుకునే మనిషి పక్కన బల్ల వేసుకున్నాక మాత్రం, మీ మనశ్శాంతి మీ ఒక్కరి సొంత వ్యవహారం కాదు. నిర్వాహకులకు కూడా ఒక మాట: తీసుకునే అద్దెలో ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు ఒక రేటు, జీతాలున్న మాకు ఒక రేటు పెట్టినా మేమేం చచ్చిపోము.

మొన్న జనవరి మేళాకు లెక్క మళ్ళీ వేశాను. సరుకు 310, 11 గంటలకు గంటకు 60 చొప్పున 660, అద్దెలో వాటా 263, మొత్తం 1,233. సంచికి 1,250 అని చీటీ రాసి, దాని కిందే గంటలు కూడా రాశాను. గంటకు 60 అంటే మా ఇంట్లో వంటచేసే ఆవిడకు పడేదానికంటే తక్కువే. చీటీ చదివి నవ్విన వాళ్ళున్నారు, ఒకాయన ‘టైముకి కూడా బిల్లు వేస్తారా మేడం’ అని నిజంగానే ఆశ్చర్యపోయాడు. 14 తీసుకెళితే మూడు అమ్ముడుపోయాయి. మిగిలిన పదకొండూ బీరువాలో ఉన్నాయి, అందులో నీలం రంగుది మా మేనకోడలు అప్పుడే అడిగింది. నరసాపురం ఆవిడ ఈసారి ఆ మేళాకు రాలేదు.