దీపావళి కార్డుల చాటున షేక్‌స్పియర్

1970లలో దక్షిణాఫ్రికాలోని రాబెన్ ద్వీపం జైల్లో ఒక పుస్తకం హిందూ దేవుళ్ల బొమ్మల వెనక దాక్కుంది. డర్బన్‌కు చెందిన భారత సంతతి ఖైదీ సన్నీ వెంకటరత్నం, షేక్‌స్పియర్ సంపుటి అట్టలకు దీపావళి గ్రీటింగ్ కార్డులు అంటించి, ఇది మా మతగ్రంథమని వార్డర్లకు చెప్పాడు. వాళ్లు నమ్మేశారు. మనుషుల్ని రంగు చూసి రాళ్లు కొట్టించిన వాళ్లకు దేవుడి జోలికి పోవాలంటే మాత్రం జంకు!

పుస్తకం చేతులు మారింది. నచ్చిన చోట సంతకం పెట్టమని వెంకటరత్నం తోటి ఖైదీలను అడిగాడు. 30 మందికి పైగా పెట్టారు. పిరికివాళ్లు చావుకు ముందే చాలాసార్లు చస్తారనే 'జూలియస్ సీజర్' మాటల పక్కన నెల్సన్ మండేలా సంతకం, 1977 డిసెంబర్ 16 తేదీతో ఉంది. ప్రభుత్వంపై విధ్వంసానికి కుట్ర పన్నారంటూ పెట్టిన రివోనియా కేసులో ఉరి తప్పదనుకున్న మనిషి ఆయన. తేదీ కూడా ఊరికే వేసింది కాదనిపిస్తుంది. 1961లో ఆయన సాయుధ సంస్థ పని మొదలుపెట్టింది అదే రోజున.

అందరూ చెప్పేది ఈ సంతకం గురించే. నన్ను పట్టుకున్నవి మిగతావి. మండేలా సహచరుడు వాల్టర్ సిసులు, 'మర్చంట్ ఆఫ్ వెనిస్'లో అవమానాలు పడే యూదు వడ్డీ వ్యాపారి షైలాక్‌ని ఎంచుకున్నాడు: ఓర్చుకోవడమే మా జాతికి గుర్తు. బిల్లీ నాయర్, 'టెంపెస్ట్'లో సొంత ద్వీపంలోనే బానిసైన కాలిబన్‌ని: ఈ ద్వీపం నాది, మా అమ్మ నుంచి నాకొచ్చింది, నువ్వు లాక్కున్నావు. ద్వీపంలో బందీకి ఇంతకన్నా సొంతమాట ఎక్కడ దొరుకుతుంది? గోవన్ ఎంబెకి మాత్రం ప్రేమకు సంగీతమే ఆహారమైతే వాయిస్తూనే ఉండమన్న చోట ఆగాడు. కరడుగట్టిన కమ్యూనిస్టు, అడిగింది పాట.

షేక్‌స్పియరే వాళ్లను బతికించాడంటే అది అతి. తోడున్న మనుషులు, జైల్లోనే నడిచిన చదువులు, బయట ఆగని పోరాటం బతికించాయి. పుస్తకం చేసిన పని చిన్నది. కోపమో, ఓర్పో, బెంగో, ఎవరికున్నది వాళ్ల చేత పలికించింది. ధైర్యంగా ఉండమని చెప్పే పుస్తకాలు కష్టంలో చదవబుద్ధి కాకపోవడానికి కారణం ఇదేననుకుంటాను. అవి మన మాట వినకముందే సలహా మొదలుపెడతాయి.

నాన్న ఐసీయూలో ఉన్న తొమ్మిది రోజులూ నా ఫోన్ నిండా 'అంతా మంచే జరుగుతుంది' మెసేజీలే. ఒక్కటీ మనసుకి ఎక్కలేదు, పైగా టెన్షన్. బయట కుర్చీలో ఒక పెద్దావిడ, మనవడి కోసం కాబోలు, అట్ట ఊడిన గజేంద్రమోక్షం చదువుతుండేది. 'లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె' అన్న పద్యం బడిలో బట్టీ పట్టిందే. ఒంట్లో సత్తువ లేదని, ధైర్యం చెదిరిందని మొహమాటం లేకుండా ఒప్పుకునే పద్యమని అక్కడ కూర్చున్నాకే తెలిసింది. పోతన ఏనుగుకి దేవుడి మీద అనుమానం కూడా ఉంది. 'కలడు కలండనెడివాడు కలడో లేడో' దగ్గరికి వచ్చేసరికి ఆవిడ రోజూ ఆగేది. తలుపు వైపు ఒకసారి చూసి, కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని, పేజీ తిప్పేది.