వరదకు బడి గదులే కాదు, బడి వంట కూడా కావాలి

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఆహార పొట్లాలు పడవల్లో వెళ్లాయి, హెలికాప్టర్లలో వెళ్లాయి, చివరికి డ్రోన్లలో కూడా వెళ్లాయి. అధికారులు, స్వచ్ఛంద సంస్థలు పడ్డ కష్టాన్ని తక్కువ చేయలేం. కానీ పొట్లానికి ఓ పరిమితి ఉంది. ఎక్కడో వండాలి, కట్టాలి, లారీ ఎక్కించాలి, అక్కడి నుంచి పడవలోకి మార్చాలి. ఆ ఉక్కపోతలో పులిహోర కాస్త నిలుస్తుంది, సాంబారన్నం నిలవదు. పైగా పడవ ఆగిన వీధి మొదట్లో ఉన్నవాళ్లకు అందినంత సులభంగా లోపలి సందుల్లో వాళ్లకు అందదు.

అందుకే వంట బాధితులకు దగ్గర్లో జరగాలి. దానికి కొత్తగా ఏమీ కట్టక్కర్లేదు. దాదాపు ప్రతి ఊళ్లోనూ రోజూ పొయ్యి వెలిగే ప్రభుత్వ వంటిల్లు ఒకటుంది. అదే పిల్లల మధ్యాహ్న భోజనం వండే బడి వంటషెడ్డు.

తుపాను హెచ్చరిక రాగానే అధికారులు మొదట చూసేది బడినే. తరగతి గదులు పునరావాస కేంద్రాలవుతాయి. గదులు వాడుకుంటాం సరే, పక్కనే ఉన్న గుండిగలు, బియ్యం బస్తాలు, వంటచేసే ఆడవాళ్లు ప్రణాళికలో ఎందుకు ఉండరు? చిన్న లెక్క వేద్దాం. ప్రాథమిక పాఠశాలలో పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం. వందమంది పిల్లలున్న బడికి 20 పనిదినాలకు 200 కిలోలు కావాలి. నెల మొదట్లో ఆ నిల్వ బడిలో ఉంటే, మనిషికి పూటకు 200 గ్రాముల చొప్పున వెయ్యి మందికి ఒక పూట, లేదా రెండు వందల మందికి ఐదు పూటలు గడుస్తాయి. రోడ్డు తెగిన ఊరికి ఆ రెండు రోజులే కీలకం.

కరోనా కాలంలో బడులు మూతపడితే బియ్యం, గుడ్లు, చిక్కీలు పిల్లల ఇళ్లకు పంపారు. ఇంట్లో పొయ్యి ఉంది కాబట్టి అది పనిచేసింది. వరద అలా కాదు. గ్యాస్ బండ నీళ్లలో తేలుతున్న ఇంటికి పది కిలోల బియ్యం ఇస్తే ఆ తల్లి ఏం చేయగలదు? అక్కడ కావాల్సింది వేడి అన్నం, పప్పు.

ఈ ఆలోచనకు చట్టంలో ఆధారం లేకపోలేదు. బడుల్లో వండిన భోజనమే పెట్టాలని 2001లో ఆదేశించిన సుప్రీంకోర్టు, కరవు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ పెట్టాలని 2004లో చెప్పింది. అంటే విపత్తు వచ్చినప్పుడు బడి వంట సెలవులు దాటి సాగాలని రెండు దశాబ్దాల కిందటే గుర్తించినట్టే. కానీ ఆ అన్నం పిల్లలదే, ఊరిది కాదు.

అసలు చిక్కు ఇక్కడే. బడి బియ్యం ఊరికి వండితే తర్వాత లెక్క ఎవరు అడుగుతారోనన్న టెన్షన్ హెడ్మాస్టరుది. తహసీల్దారు నోటిమాటగా వండమంటారు, ఆడిట్ మాత్రం కాగితం అడుగుతుంది. పిల్లల వాటా పెద్దలు తినేశారన్న మాట కూడా రాకూడదు, అది న్యాయమైన భయమే. ఎన్ని కిలోలు వాడితే అన్ని కిలోలు ఫలానా తేదీలోగా పౌరసరఫరాల శాఖ తిరిగి చేర్చాలని, కూరగాయలు, నూనె, గ్యాస్ ఖర్చు విపత్తు నిధి నుంచి రావాలని ముందే జీవో ఉంటే ఆ భయం చాలావరకు పోతుంది.

మెనూ కూడా మార్చాలి. ప్రాథమిక పిల్లల భోజనానికి ప్రమాణం 450 కేలరీలు. సహాయ శిబిరాల్లో పెద్దవాళ్లకు రోజుకు 2,400 కేలరీలు అందాలని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ అంటుంది. కాబట్టి బడి కొలతలతో ఒక పూట పెట్టి సరిపెట్టుకోవడం కుదరదు.

ఇబ్బందులు లేవని కాదు. కొన్ని బడుల్లో వంటషెడ్డు మునిగేంత పల్లంలో ఉంటుంది. కొన్నిచోట్ల అసలు షెడ్డే లేదు, చెట్టు కిందే పొయ్యి. పట్టణాల్లో పెద్ద కేంద్రీకృత వంటశాలలు ఒకేసారి వేలమందికి వండగలవు, విజయవాడ లాంటి చోట అవే మేలు. కానీ వాటి వాహనాలకు రోడ్డు కావాలి. గోదావరి లంక గ్రామానికి ఆ నమ్మకం ఉండదు. ఇక శుభ్రత. 2013లో బీహార్‌లోని సారణ్ జిల్లాలో పురుగుమందు కలిసిన బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వరద నీళ్ల మధ్య వండే పరిస్థితిలో జాగ్రత్త ఇంకా పెరగాలి. క్లోరిన్ వేసిన నీళ్లు, వడ్డించే ముందు పెద్దలు రుచి చూడటం అక్కడా తప్పనిసరి.

ఆంధ్రప్రదేశ్ ఈ మధ్యాహ్న భోజన పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టింది. కోనసీమ లంకల గన్నవరంలో ఆవిడ అన్నం పెట్టింది బడి పిల్లలకు కాదు, దారిన పోయేవాళ్లకు, ఆకలితో గడప తొక్కినవాళ్లకు. పేరు వరకే ఆగకుండా ఆ పనిని కూడా పథకంలోకి తెస్తే బాగుండు.

అన్నిటికంటే ముందు వంటచేసేవాళ్ల సంగతి తేల్చాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాళ్లకిచ్చేది నెలకు 3 వేల గౌరవ వేతనం. బిల్లులు ఆలస్యమైతే కిరాణా కొట్లో అప్పు పెట్టి వండేదీ వాళ్లే. వరదలో వాళ్ల ఇళ్లూ మునుగుతాయి. అలాంటి మనిషిని తెల్లవారుజామున వచ్చి మూడు వందల మందికి వండమంటే, ఆ రోజులకు విడిగా కూలి, బీమా ఇవ్వాలి. ఆమె సొంత పిల్లలకు అదే కేంద్రంలో చోటుండాలి. పక్క ఊరి బడి నుంచి ఇద్దరిని రప్పించే జాబితా జూన్‌లోనే మండల విద్యాధికారి (ఎంఈఓ) దగ్గర సిద్ధంగా ఉండాలి.